మూడు వేళ్ల నిప్పట్లు, ఎడమచేతి మురుకులు

పుంగనూరు
22 జనవరి 2007

కుప్పంలోని కుసుమ వదినకు,

పుంగనూరు నుంచి మునీశ్వరి నమస్కారాలు.

ఇప్పుడే ఈ ఉత్తరం రాయడానికి కారణం ఒక్కటే. నిన్న మీ ఊరి నుంచి ఇత్తడి డబ్బా వచ్చింది. అందులోని నిప్పట్లలో మీ అవ్వ వేళ్లు లేవు. అది చూసినప్పటి నుంచి మా అవ్వ అన్నం ముట్టలేదు.

నీకు తెలిసిందే అయినా మొదటి నుంచి చెబుతాను. వరసగా చెప్పకపోతే నాకు రాయడం రాదు. మా అవ్వ ఆదెమ్మకు మీ అవ్వ అన్నపూర్ణమ్మ అన్నభార్య. మా అవ్వ పెళ్లయి పుంగనూరు వచ్చిన ఏడాది మీ తాత ఆ డబ్బా నిండా బెల్లం పోసి ఇచ్చాడు. వచ్చిన డబ్బాను ఖాళీగా వెనక్కి పంపకూడదు కదా, అవ్వ చేతి మురుకులు చుట్టి పంపింది. మురుకులు వచ్చిన డబ్బాను మీ అవ్వ మాత్రం ఖాళీగా ఎలా పంపుతుంది? బియ్యప్పిండితో నిప్పట్లు తట్టి పంపింది. అలా యాభై ఏళ్లుగా ఆ డబ్బా ఒక్కసారైనా ఖాళీగా బస్సెక్కలేదు. ఇద్దరికీ చదువు రాదు. ఆ డబ్బాలోదే వాళ్ల ఉత్తరం. "ఇందులో నా చెయ్యి లేదంటే నేను లేనట్టే అనుకో" అని ఎప్పుడో ఒకరికొకరు చెప్పుకున్నారట.

మీ అవ్వ నిప్పట్టు తట్టాక, పొంగకుండా మూడు వేళ్లతో నొక్కుతుంది. నిన్న అవ్వ ఒక్కో నిప్పట్టునూ కిటికీ వెలుగులో తిప్పి చూసింది. ముప్పై రెండూ చూసింది. మూతతో కోసినట్టు గుండ్రంగా, నున్నగా ఉన్నాయి.

"మే మునీ, ఇది మా వొదిన చెయ్యి గాదు. వొదిన పోయినట్టుండాది. నాకు సెప్పకుండా దాసిపెట్టినారు" అంది.

"అట్లేమీ ఉండదులే అవ్వా" అన్నాను.

"నీకేం తెలుసు? నువ్వు సదివింది పుస్తకాలు. నేను యాభై ఏండ్లుగా సదివింది నిప్పట్లు" అంది.

పోయిన ఏడాది వచ్చిన గున్యా జ్వరం మా వీధిలో పెద్దవాళ్లను ఇంకా వదల్లేదు. జ్వరం నాలుగు రోజుల్లో పోయింది, నొప్పి మాత్రం కీళ్లలో కాపురం పెట్టింది. తెల్లవారితే ముసలివాళ్లంతా అప్పుడే పుట్టిన దూడల్లా గోడలు పట్టుకుని, నిద్రలో నడుస్తున్నట్టు నడుస్తారు. పొగమంచులో దూరం నుంచి చూస్తే ఎంతో అందంగా ఉంటుంది. దగ్గరికి వెళితే మూలుగులు వినిపిస్తాయి. మీ ఊళ్లోనూ ఇదే జ్వరం కదా. మీ అవ్వకు ఏమైనా అయిందా? ఏమైనా సరే, నిజం రాయి. మా అవ్వకు మెల్లగా నేను చెప్పుకుంటాను.

ఇట్లు,
పోస్ట్‌మ్యాన్ సైకిల్ గంట కోసం చెవి ఒగ్గి కూర్చున్న
మునీశ్వరి

తా.క.: రూపాయి ఫోన్‌లో మాట్లాడితే అంగడి ముందున్న వాళ్లంతా వింటారు. అందుకే ఉత్తరం.

మళ్లీ తా.క.: తన చేతులు బ్రహ్మాండంగా ఉన్నాయని రాయమని అవ్వ చెప్పింది. రాశాను.


కుప్పం
30 జనవరి 2007

మన రెండిళ్లలో మొదటిసారి డిగ్రీ మెట్లెక్కిన మునీశ్వరికి,

ఏడో తరగతి మెట్టు మీదే కూర్చుండిపోయిన కుసుమ వదిన దీవెనలు.

నీ ఉత్తరం మా అవ్వకు చదివి వినిపించాను. అదే నేను చేసిన తప్పు. తను పోయిందని పుంగనూరులో అనుకుంటున్నారని విని, గోడకు ఆనుకుని కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వింది. తర్వాత ఉన్నట్టుండి ఆపేసింది.

"అది సరేగానీ, ఆది బతికే ఉండాదా అడుగు" అంది.

ఏం మాటవ్వా అది అంటే, అప్పుడు బయటపెట్టింది. మీ అవ్వది ఎడమచేతి వాటం. ఆమె చుట్టిన మురుకు ఎడమవైపుకు తిరుగుతుంది. దసరా నుంచి వస్తున్న మురుకులన్నీ కుడివైపుకు తిరుగుతున్నాయట! మా అవ్వ మొదటి డబ్బాలోనే కనిపెట్టింది. నాలుగు నెలలుగా లోపలే కుమిలిపోతోంది.

"మా ఆడబిడ్డ పొయ్యి కాడ కూసోనుండే ఆ కుడిచేతి మనిషి ఎవురు? నా గుండె తట్టుకోదని దాసినారు. నేను పోతినని ఉత్తరం రాసింది గూడా ఎదురు దబాయించేదానికే" అంటోంది.

నేను నమ్మలేదు. కానీ నిన్న మధ్యాహ్నం అవ్వ నిద్రపోతూ ఉంటే చూశాను. చెయ్యి గాల్లో మెల్లగా ఆడుతోంది, అరిటాకు మీద పిండి తట్టినట్టు. చివర మూడు వేళ్లూ అలా గాలిని నొక్కి వదిలేశాయి. మళ్లీ ఇంకొకటి. మా ఇంటి గాలి నిండా మీ అవ్వకు పంపాల్సిన నిప్పట్లే ఉన్నాయనిపించింది. తడిక సందులోంచి ఎండ పడి, అవి కాస్త ఎర్రగా కాలినట్టు కూడా కనిపించాయి. నేను గ్రానైట్ ఆఫీసుకు పోవడం మరిచిపోయి చూస్తూ నిలబడ్డాను.

కాబట్టి నిప్పట్ల సంగతి పక్కన పెట్టు. మీ అవ్వ ఉన్నట్టు రుజువు పంపు. ఫోటో అయితే మేలు.

ఇట్లు,
ఆఫీసుకు ఆలస్యమై తిట్లు తిన్న
కుసుమ

తా.క.: మా అవ్వ చేతులకు ఏ ఢోకా లేదు. అలా రాయమని నా జడ పట్టుకుని చెప్పింది. పట్టు కొంచెం వదులుగానే ఉంది.


పుంగనూరు
6 ఫిబ్రవరి 2007

కుసుమ వదినకు,

రుజువుతో సహా మునీశ్వరి నమస్కారాలు.

ఫోటో ఇందులోనే పెట్టాను. దీని కోసం మేము పడిన పాట్లు కూడా చెప్పాలి.

స్టూడియో మా వీధి చివరే. అయినా అవ్వతో వెళ్లేసరికి గంట పట్టింది. దారిలో ప్రతి అరుగు మీదా కూర్చుని "నొప్పి గాదు మే, ఊరు సూస్తాండా" అంది. స్టూడియో దేవరాజులు ఈమధ్యే కంప్యూటర్ కొన్నాడు. వెనక ఏ బొమ్మ కావాలంటే అది వస్తుంది. తాజ్‌మహల్, జలపాతం, కారు, మేఘాలు చూపించాడు.

అవ్వ మేఘాల దగ్గర ఆగిపోయింది. వేలు పెట్టి చాలాసేపు చూసింది.

"ఈడికి నేను పోయొచ్చినాను మే. కల్లో. మెత్తగా ఉండాది. ఆడ మోకాళ్లు నొయ్యవు" అంది.

ఆ మాట విన్నాక జలపాతం పెట్టించడానికి నాకు నోరు రాలేదు.

"చేతులు బయట పెట్టవ్వా, బాగుంటుంది" అన్నాడు దేవరాజులు.

"చేతులు యాలప్పా ఫోటోకి? మొగం సాలదా?" అని రెండు చేతులూ కొంగు కింద దాచుకుంది. లేచి సర్దుకుని కూర్చునేసరికి అలసిపోయి రెప్పలు వాలిపోయాయి. ఆ క్షణంలోనే అతను నొక్కాడు. మళ్లీ తియ్యమంటే, అవ్వ మళ్లీ లేవనంది. కళ్లు మూసుకున్నందుకు పరిహారంగా చుట్టూ పూల బార్డరు ఉచితంగా వేసిచ్చాడు.

అవ్వ బాగుందని నీకే తెలుస్తుంది, చూడు.

ఇట్లు,
ఇక అనుమానాలు తీరిపోతాయని నమ్ముతున్న
మునీశ్వరి

తా.క.: మీ అవ్వ ఫోటో కూడా పంపించు. అందులో చేతులు కనిపించాలని మా అవ్వ అంటోంది. తనవి కనిపించనందుకు మాత్రం వెలుతురు సరిగ్గా లేకపోవడమే కారణమట.


కుప్పం
14 ఫిబ్రవరి 2007

మునీశ్వరికి,

కన్నీళ్లతో, కొంత కోపంతో కుసుమ రాస్తున్నది.

నువ్వు చదువుకున్నదానివి. నువ్వే చెప్పు. ఒక ముసలమ్మను మేఘాల్లో కూర్చోబెట్టి, చుట్టూ పూలు పెట్టి, కళ్లు మూసిన ఫోటో పంపి, "అవ్వ బాగుంది" అని రాస్తే మేమేం అర్థం చేసుకోవాలి?

మా అవ్వ ఫోటో చూసి దాన్ని దేవుడి గూట్లో పెట్టించి దీపం వెలిగించింది. తర్వాత మైల స్నానమని బోరింగు దగ్గరికి పోయి, నేను చూసేలోపల రెండు బిందెల చన్నీళ్లు నెత్తిన కుమ్మరించుకుంది. ఏడు నెలలుగా వావిలాకు మరిగించిన వేడినీళ్లు తప్ప ఒంటి మీద పడని మనిషి! అప్పటి నుంచి మంచం దిగలేదు. "ఇది నొప్పి గాదు, దుక్కం అని రాయి" అంటోంది.

"మేఘాల్లో కూడా చేతులు కొంగు కింద దాసుకునే ఉండాది సూడు. సలేస్తాందేమో" అని ఫోటోకు ఒక గుడ్డ కప్పించింది. పొద్దున తీస్తున్నాం, సాయంత్రం కప్పుతున్నాం.

ఇంక దాచవద్దు. పదకొండో రోజు ఎప్పుడో రాయి. మంచంతో సహా వస్తానంటోంది.

ఇట్లు,
బస్సులో మంచం ఎక్కనిస్తారా అని కండక్టర్‌ను అడిగి నవ్వులపాలైన
కుసుమ

తా.క.: ఏమాటకామాటే, ఫోటోలో మీ అవ్వ కళగా ఉంది. నాకూ అలాంటి మేఘాలు వేసి ఫోటో తీస్తాడేమో కనుక్కో.


పుంగనూరు
21 ఫిబ్రవరి 2007

కుసుమ వదినకు,

ఈసారి ఒక్క అబద్ధం కూడా లేకుండా మునీశ్వరి నమస్కారాలు.

నీ ఉత్తరం అవ్వకు చదివాను. దీపం దగ్గరికి రాగానే చెయ్యెత్తి ఆపింది.

"నూనె దీపమా, నెయ్యి దీపమా?"

"రాయలేదవ్వా."

"వొదిన నెయ్యే పోసుంటుందిలే" అంది, సంతోషంగా. కానీ చన్నీళ్ల సంగతి వినేసరికి మొహం వాడిపోయింది. "నా కోసరం సన్నీళ్లు పోసుకునిందా? ఆ కీళ్లతోనా?" అని కొంగు కింది నుంచి రెండు చేతులూ తీసి నా ముందు పెట్టింది.

"రాయి మే. నా వేళ్లు ముడుసుకోవు అని రాయి. దసరా నుంచి నేను ఒక్క మురుకు సుట్టలేదని రాయి."

వదినా, నిజం ఇదే. జ్వరం పోయినా అవ్వ చేతులు తిరిగి రాలేదు. మా నాయన "జొరం పోయి ఎన్ని నెల్లాయె, ఇంకా ఏం నొప్పిమ్మా? కూసోని కూసోని బిగుసుకుండాయి" అంటాడు. కంటికి కనిపించని నొప్పిని ఇంట్లో ఎవరూ నమ్మకపోయేసరికి అవ్వ చెప్పడం మానేసింది. మురుకులను మదనపల్లె నుంచి రహస్యంగా తెప్పించింది. తెచ్చేది బస్సు కండక్టర్ తిమ్మప్ప.

మొన్న అవ్వను మదనపల్లెలో డాక్టర్‌కు చూపించాను. ఈ జ్వరం తర్వాత పెద్ద వయసు వాళ్లలో కీళ్ల నొప్పులు నెలల తరబడి ఉంటాయని, కొందరికి ఏడాది దాటినా తగ్గవని చెప్పారు. వేడినీళ్లలో వేళ్లు మెల్లగా ఆడించమన్నారు. అవ్వ మందుల కంటే ముందు ఒకటి అడిగింది: "అయితే ఇది నిజం నొప్పేనని మా వాడికి రాసియ్యండి సామీ." ఆయన నవ్వకుండా రాసిచ్చారు. ఆ చీటీ మడత పెట్టి రవికెలో దాచుకుంది. నొప్పి సగం తగ్గిందంది.

తిరిగి వస్తూ, మురుకులు చేసే మునెప్ప ఇంటికి తిమ్మప్పే తీసుకెళ్లాడు. వసారాలో మునెప్ప భార్య మురుకులు చుడుతోంది, కుడిచేత్తో. పక్కనే మునెప్ప పిండి పరిచి డబ్బా మూతతో గుండ్రంగా కోస్తున్నాడు. నిప్పట్లు!

"నాకూ చేతేళ్లు వంగవమ్మా, అందుకే మూత" అన్నాడు. "ఇవి కుప్పానికి. ఎవురో పెద్దామె, తిమ్మప్ప తీస్కపోతాడు."

తిమ్మప్ప టిక్కెట్ల సంచీలో తల దూర్చినంత పని చేశాడు. "నేనేం జేసేదమ్మా! ఈయమ్మ పుంగనూర్లో ఒట్టు బెట్టిచ్చుకునె, ఆయమ్మ కుప్పంలో ఒట్టు బెట్టిచ్చుకునె. పలమనేర్లో టీ తాగేటప్పుడు మాత్రం ఒక్కణ్నే నవ్వుకుంటాండా" అన్నాడు.

అంటే, నువ్వు కూడా నాకు అబద్ధమే రాశావు వదినా. మీ నిప్పట్లు మా ఊరి మీదుగానే కుప్పం పోయి, మళ్లీ మా ఊరికే వచ్చాయి. మా మురుకులూ, మీ నిప్పట్లూ ఒకే మూకుడులో వేగాయి.

అవ్వకు కోపం వస్తుందనుకున్నాను. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, బయట వెనక్కి పోతున్న చింతచెట్లను చూస్తూ అంది, "అయితే వొదినకీ నా మాదిరే ఉండాది. నేనొక్కదాన్నే అనుకుంటిని."

నిన్న పొద్దున వావిలాకు నీళ్లలో చేతులు నానబెట్టుకుని పిండి కలపమంది. చుట్టడం మొదలుపెట్టింది. మధ్యాహ్నానికి ఒక్క మురుకు అయింది. వంకరగా ఉంది, రెండో చుట్టు దగ్గర విరిగింది. కానీ ఎడమవైపుకే తిరిగింది. మా నాయన అంతసేపూ గడపలో నిలబడి చూశాడు. చీటీ చూపించాల్సిన పని పడలేదు. మూకుడు ఆయనే దించాడు.

ఆ ఒక్క మురుకే గుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టి పంపుతున్నాను. మీ అవ్వకు చూపించి, ఫోటో గూట్లోంచి తియ్యమను. దీపం మాత్రం ఆర్పవద్దని మా అవ్వ చెప్పమంది.

మార్చి ఐదో తేదీ సోమవారం తిమ్మప్ప డ్యూటీలో ఉంటాడు. ఆ రోజు బస్సుకు తప్పకుండా జవాబు పంపించు వదినా. ఒక్క నిప్పట్టు చాలు. మూడు వేళ్లూ అక్కర్లేదు. ఒక్క వేలి గుంట ఉన్నా అవ్వ చదువుకుంటుంది.

ఇట్లు,
ఐదో తేదీన అవ్వ పక్కనే బస్టాండులో ఉండే
మునీశ్వరి