నడక తెలిసిన దవడ

సారిపెర,
2004 ఏప్రిల్ 2

ప్రియమైన ఎడ్లక్కా, శుభదినం.

చచ్చిన ఎముకతో ఎవరైనా దేవుని మాట చెప్పగలరా? తప్పించుకోకుండా జవాబు చెప్పు. యెహెజ్కేలును ఎముకల లోయలో నిలబెట్టి దేవుడు అడిగింది కూడా ఇంచుమించు ఇదే. ఆ ప్రవక్త తెలివైనవాడు కాబట్టి అది నీకే తెలియాలి ప్రభూ అని తప్పుకున్నాడు. నాకా వీలు లేదు. ఎముక నాదే.

ఐదేళ్ళ క్రితం నాలుక కింద లేచిన క్యాన్సర్‌ను రేడియేషన్‌తో మాడ్చారు కదా. ఆ మంట పుండుతో ఆగలేదట, పక్కనున్న దవడ ఎముకను కూడా చంపేసింది. ఇన్నేళ్ళూ నేను చచ్చిన ఎముకతోనే ప్రసంగాలు చేశాను. మొన్న ఆదివారం ఎండబెట్టిన రెయిన్‌డీర్ మాంసం నములుతుంటే, వసంతంలో నది మీద మంచు పగిలినట్టు లోపల ఒక చప్పుడైంది. నొప్పి తర్వాత వచ్చింది. చాలాసేపు కిటికీలోంచి నది వైపే చూస్తూ కూర్చున్నాను, మంచు అప్పుడే కదిలిందేమోనని.

ఈ నెల ఇరవైన దక్షిణాన ఊమియోలో ఆపరేషన్. ఎడమ వైపు దవడ తీసేసి, ఎడమ పిక్కలో ఉండే సన్న ఎముకను రక్తనాళంతో సహా తెచ్చి అక్కడ అతుకుతారు. ఆదాము పక్కటెముకలోంచి హవ్వ వచ్చింది. నా కాలిలోంచి నాకు దవడ వస్తుంది. సర్జన్ చిన్న వయసు ఆవిడ. "మాట ఉంటుందా అమ్మా?" అని అడిగాను. "ఉంటుంది. మీ పాత మాట కాకపోవచ్చు," అంది.

అందుకే రాస్తున్నాను. నా నోరు నాదిగా ఉండేది ఇంక పద్దెనిమిది రోజులే. మన విశ్వాసులలో క్షమాపణ ఉత్తరంలో రాసి పంపేది కాదు. మెడ మీద చెయ్యి వేసి, చెవికి వినబడేలా నోటితో పలకాలి. నువ్వు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్న సంవత్సరం, ప్రార్థన మందిరంలో అందరి ముందూ నేనొక ప్రశ్న అడిగాను. నువ్వు జవాబివ్వకుండా లేచి వెళ్ళిపోయావు. ముప్పై ఏళ్ళయింది. అక్కా, తప్పయిందని ఒక్క మాట అను. బస్సెక్కి వచ్చి, నీ పాపం యేసు పేరిట క్షమించబడిందని ఈ నోటితోనే చెబుతాను. ఆ తర్వాత ఈ నోరు ఉండదు.

నీ మేలు కోరే తమ్ముడు,
వల్‌ఫ్రిడ్


లాంటో,
ఏప్రిల్ 9

ఒరే తమ్ముడూ,

నీ ఉత్తరం చదువుతూ రెండు కప్పుల కాఫీ చల్లార్చుకున్నాను. "ఏమంటాడు మీ బోధకుడు?" అని మా ఆయన యాల్మర్ అడిగాడు. దవడ విరిగిందట అన్నాను. "ఎవరు విరగ్గొట్టారు? వరసలో చాలామందే నిలబడి ఉండాలే," అన్నాడు. ఇద్దరం నవ్వాం. నవ్వినందుకు ఇద్దరం సిగ్గుపడ్డాం. ఆ తర్వాత ఆయన కట్టెలు తెస్తానని బయటికి వెళ్ళి ఎంతకీ రాలేదు. నువ్వంటే ఆయనకీ ప్రేమే, చెప్పుకోడు.

ఉన్ని మేజోళ్ళు అల్లుతున్నాను. కట్టు కట్టిన కాలికి ఎక్కవేమో, రెండూ కావాలో ఒకటి చాలో కనుక్కుని రాయి. నీలి బెర్రీల జావ సీసాల్లో పోసి పంపుతాను. నమలక్కర్లేదు.

ఇక నువ్వడిగిన మాట. అది నేను అనను.

ఎనిమిదో కాన్పులో నా రక్తం పరుపు దాటి నేల మీదికి కారింది. మళ్ళీ కడుపొస్తే తల్లీ మిగలదు, బిడ్డా మిగలదు అని డాక్టరు చెప్పాడు. ఇంట్లో ఎనిమిది నోళ్ళు, ఎనిమిది జతల చిన్న బూట్లు. సంతకం పెట్టాను. ఏడు వారాల తర్వాత మందిరంలో నువ్వడిగిన ప్రశ్న నాకు పొల్లుపోకుండా గుర్తుంది: "నీ కడుపును ఎవరి చేతికిచ్చావు, దేవుడికా, కత్తికా?" ఇప్పుడు నేనడుగుతున్నాను. నీ దవడను ఎవరి చేతికిస్తున్నావు? నా కడుపు మీద పాపమైన కత్తి నీ దవడ దగ్గరికొచ్చేసరికి వరమైపోయిందా?

సంసోను గాడిద దవడతో వెయ్యిమందిని పడగొట్టాడు. నువ్వు నీ దవడతో నన్నొక్కదాన్నే పడగొట్టావు. గాడిద సంగతిలో మాత్రం తేడా లేదు.

ఊమియోకి వెళ్ళొద్దని నేననడం లేదు. వెళ్ళు, కోయించుకో, బతుకు. నాకు తమ్ముడు కావాలి. ఇంకొక్క మాట. మనవాళ్ళు విశ్వాసికి "దేవుని శాంతి" అంటారు, బయటివాడికి "శుభదినం" అంటారు. ముప్పై ఏళ్ళుగా నువ్వు నాకూ పన్నుల ఆఫీసుకీ ఒకే పలకరింపు రాస్తున్నావు.

నీ అక్క,
ఎడ్లా


ఊమియో, ఆస్పత్రి,
మే 8

అక్కా,

ఏ పలకరింపు రాయాలో తెలియక ఖాళీగా వదిలేశాను.

బతికే ఉన్నాను. పదకొండు గంటలు కోశారట. గొంతులో గొట్టం తీసేశారు, ముక్కులో గొట్టం ఇంకా ఉంది. మాట లేదు. నాకో పలక ఇచ్చారు, దాని మీద రాసి చూపిస్తాను. పెదవీ గడ్డమూ నావి కావు, ఎవరో నా ముఖానికి ఆనుకుని నిద్రపోతున్నట్టుంటుంది. మొదటి వారమంతా పైకప్పు ఏదో నేల ఏదో తెలియలేదు. మంచం మెల్లగా నదిలో కొట్టుకుపోతున్నట్టు, ఒడ్డున మనవాళ్ళంతా నిలబడి చూస్తున్నట్టు ఉండేది.

ఇక్కడ మైకెన్ అనే నర్సు ఉంది. అతికిన ఎముకకు రక్తం అందుతోందో లేదో తెలుసుకోడానికి గంటగంటకీ పెన్నులాంటి యంత్రం నా బుగ్గకు ఆనించేది. అందులోంచి ష్... ష్... అని చప్పుడు వచ్చేది. అచ్చం మన నది మంచు కింద పారే చప్పుడు. "వినండి బోధకుడుగారూ, మీ కాలు ఇంకా నడుస్తోంది," అనేది. నోట్లో వేసిన చర్మం కూడా పిక్కదే కాబట్టి అక్కడ వెంట్రుకలు మొలుస్తున్నాయి. "నాలుక పక్కన క్షవరం చేయించుకున్న ప్రసంగీకుణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు," అంది. నవ్వాను. నవ్వు చప్పుడు లేకుండా వచ్చి చప్పుడు లేకుండా పోయింది.

అక్కా, ఆ ఎముకకు తను నడిచిన దారులన్నీ గుర్తున్నాయి. కళ్ళు మూస్తే చాలు, నా నోరు నడవడం మొదలుపెడుతుంది. పళ్ళ కింద గట్టిపడిన మంచు కరకరమంటుంది. చిత్తడి నేల మీద నడవడానికి వేసిన చెక్కలు నాలుక కింద ఊగుతాయి. పొగమంచులో ముందు నువ్వు, చేతిలో బెర్రీల బాల్చీ. నీకు పదకొండేళ్ళు, నాకు ఐదు. "నేనడుగేసిన చోటే వెయ్యరా," అంటున్నావు వెనక్కి తిరక్కుండా. నేను అలాగే వేస్తున్నాను, కాలితో కాదు, దవడతో.

ఆ దారి ఎప్పుడూ ఒక్కచోటికే వెళ్ళి ఆగుతోంది. ప్రార్థన మందిరం. నువ్వు బయటికి వెళ్తున్నావు, గోధుమ రంగు కోటు, ఒకే ఒక్క గుండీ పెట్టి ఉంది. నడవలేక ఒక్కొక్క బెంచీ చివరనూ పట్టుకుని ఆగి ఆగి వెళ్తున్నావు. ఆ రోజు నేనది చూడలేదు. కాదు, చూశాను. చూసి పుస్తకంలోకి తల దించుకున్నాను. కలలో నిన్ను పిలవబోతాను. పిలవడానికి నోరు లేదు, ఉన్నదల్లా కాలు. దానికి తెలిసింది ఒక్కటే, నీ వెనక నడవడం.

నీ ప్రశ్న దిండు కింద పెట్టుకుని పడుకుంటున్నాను. కత్తి కింద ఉన్న ఆ పదకొండు గంటలూ దేవుడు నన్ను విడిచిపెట్టలేదు, అది నాకు ఒంటికి తెలిసినట్టు తెలుసు. మరి ఆ లెక్కన నిన్ను

ఈ వాక్యం పూర్తి చేయలేకపోతున్నాను. మైకెన్ వచ్చింది, కట్టు మార్చాలట.

వల్‌ఫ్రిడ్


లాంటో,
మే 17

తమ్ముడూ,

ఆ కోటు గోధుమ రంగుది కాదు, ఆకుపచ్చది. కల రంగులు మారుస్తుంది. బెంచీలు పట్టుకుని నడిచింది మాత్రం నిజం.

నువ్వు పుస్తకంలోకి తల దించుకోవడం నేను చూడలేదు. నాకు అటువైపు చూసే ఓపిక లేదు. ఇన్నాళ్ళూ నువ్వు తలెత్తి నన్ను చూస్తూనే ఉన్నావనుకున్నాను. తల దించుకున్నావని తెలిశాక నాకు ఎందుకో కొంచెం తేలికైంది.

నీకొక సంగతి చెప్పాలి. ప్రతి వేసవిలో పెద్ద కూటాలకు నేను వస్తూనే ఉన్నాను. గడ్డి మైదానంలో కార్లు నిలిపే చోట, అద్దం దించి, లోపలే కూర్చుంటాను. నీ గొంతు లౌడ్‌స్పీకర్లోంచి పచ్చిక మీదుగా ఎండలో తేలుతూ వస్తుంది. యాల్మర్ కాఫీ తెస్తాడు, మనవాళ్ళ అలవాటుగా అందులో జున్ను ముక్కలు వేసుకుని తాగుతూ వింటాం. నువ్వు చెప్పేదంతా నాకు నచ్చేది కాదు. నీ గొంతు నచ్చేది, అందులో మన నాన్న ఉన్నాడు. ఒక ఏడు నువ్వు తప్పిపోయిన కుమారుడి కథ చెబుతుంటే నాకు తెలియకుండానే తలుపు తీశాను. ఒక కాలు గడ్డి మీద పెట్టాను కూడా. అప్పుడు నువ్వన్నావు, తండ్రి పరిగెత్తుకొచ్చాడు నిజమే, ముందు కొడుకు తిరిగి రావాలి కదా అని. కాలు లోపలికి తీసుకుని తలుపు వేసుకున్నాను.

ఆ గొంతు పోయిందంటే నాకు దుఃఖం లేదనుకోకు. ఈ వేసవి ఆ మైదానానికి వెళ్ళి ఏం వినను?

సగంలో ఆపిన వాక్యం నీదే. నువ్వే పూర్తి చెయ్యి. నేను అందించను.

ఎడ్లా


సారిపెర,
జూలై 6

ప్రియమైన అక్కా, దేవుని శాంతి.

ఇంటికొచ్చాను. రాత్రి లేని వెలుగులో ఇల్లు ఎక్కడా ఆనకుండా తేలుతున్నట్టుంది. నా ఇల్లాలు హిల్యా పోయాక వంటింట్లో గడియారం చప్పుడు ఒక్కటే ఉండేది, ఇప్పుడు నా ఊతకర్ర చప్పుడు తోడైంది. అన్నీ మెత్తగా రుబ్బుకుని తాగుతున్నాను. పెదవికి స్పర్శ లేదు, జావ గడ్డం మీదికి కారాక చొక్కా చెబితే తెలుస్తుంది.

పోయిన ఆదివారం మందిరంలో నన్ను ఒక్క మాట చెప్పమన్నారు. పైకెక్కాను. నోరు తెరిచాను. దూడ అరిచినట్టు ఏదో వచ్చింది. చిన్నపిల్లలు నవ్వారు, తల్లులు వాళ్ళ నోళ్ళు మూశారు. నలభై ఏళ్ళు నిలబడిన చోట నిలబడి, చొంగ తుడుచుకుని, దిగి వచ్చేశాను.

బెంచీ మీద కూర్చున్నాక వాక్యం పూర్తయింది. ఆ కత్తి కింద దేవుడు నిన్ను కూడా విడిచిపెట్టలేదు. విడిచిపెట్టింది నేను. దేవుడు నోరు తెరవని చోట నేను నోరు తెరిచి, ఆయన పేరు పెట్టుకున్నాను. ప్రసవపు రక్తం ఆరని మనిషిని, నన్ను చిత్తడి దాటించిన మనిషిని, అందరి ముందూ నిలబెట్టాను. క్షమించాల్సిన వాణ్ణి నేనే అనుకుని ముప్పై ఏళ్ళు నీ ఒప్పుకోలు కోసం కాచుకుని ఉన్నాను. తప్పు నాది. క్షమాపణ అడగాల్సింది నేను, పలకాల్సింది నువ్వు.

ఇది కాగితంతో తీరేది కాదని నాకు తెలుసు, నోటితో అడగాలి. కానీ ఇప్పుడు కాదు అక్కా. మాట నేర్పే ఆవిడ వారానికి రెండుసార్లు వస్తోంది. సెప్టెంబరుకల్లా స, ర, ల తిరిగి వస్తాయంటోంది. అప్పుడు వస్తాను. ఇంత పెద్ద తప్పును నత్తినోటితో, చొంగ కారుస్తూ అడగడం నాకు సిగ్గు. మంచి మాటలు ఏరి, వరసలో పెట్టి, నిలబడి అడుగుతాను. సెప్టెంబరు దాకా ఓర్చుకో.

నీ తమ్ముడు,
వల్‌ఫ్రిడ్


లాంటో,
జూలై 12

ఒరే తమ్ముడూ, దేవుని శాంతి.

సెప్టెంబరా? మోషే కూడా నాది మొద్దు నోరు ప్రభూ అన్నాడు. దేవుడు సెప్టెంబరు దాకా సాధన చేసి రమ్మన్నాడా? బైబిలు నీకొక్కడికే ఇచ్చారనుకున్నావేమో. మందిరం లేని ముప్పై ఏళ్ళూ నేనూ అదే చదివాను.

మంచి మాటలు ఏరి తెస్తానన్నావు. ఆనాడు నీ నోరు ఎంత బాగుందో నాకు తెలుసు. ఒక్కొక్క అక్షరం గంట కొట్టినట్టు మోగింది. ఆ నోరు నాకొద్దు. చొంగ కారే నోరు కావాలి, దూడలా అరిచే నోరు కావాలి. నువ్వు ఏం అడుగుతున్నావో నాకు అర్థం కాకపోతుందా? నీకు మాటలు రాని రోజుల్లో నీ అరుపులన్నిటికీ అర్థం అమ్మకు చెప్పింది ఎవరనుకున్నావు?

నీకు పలకాల్సిన మాట నా దగ్గరా ఉంది. ఎప్పటినుంచో నోట్లోనే తిరుగుతోంది. నిన్నంతా కాఫీ కూడా దాని చుట్టూ తిప్పి మింగాను. నాకు డెబ్బై ఏళ్ళు. శరదృతువు మనిద్దరి కోసం ఆగుతానని నాకెక్కడా రాసివ్వలేదు.

కోపం మీద సూర్యుడు అస్తమించకూడదని పౌలు రాశాడు. పాపం, పౌలు మన నది చూడలేదు. జూన్ నుంచి ఇక్కడ సూర్యుడు దిగనే లేదు. కోపం దాచుకోడానికి ఇంతకంటే అనువైన దేశం ఎక్కడుంది? వంటింటి గోడ మీద పంచాంగం చూసి యాల్మర్ చెప్పాడు, ఇవాళే ఆఖరట. రేపు సూర్యుడు కొండ వెనక్కి దిగుతాడు, కాసేపే అయినా దిగుతాడు. ఇన్నేళ్ళలో ఎన్ని అస్తమయాలు మన మీదుగా పోయాయో పోనీ. ఇంకొక్కదాన్ని నేను పోనివ్వను.

అందుకే ఈ ఉత్తరం తపాలాలో వేయలేదు. మా అల్లుడు టూరె తెచ్చాడు. నువ్విది చదువుతుంటే వాడు నీ గుమ్మంలో నిలబడి ఉంటాడు, కారు ఆపకుండా. కాఫీ తాగమని కూర్చోబెట్టకు. చొక్కా మార్చుకోకు. కర్ర తీసుకో, మూతి తుడుచుకోడానికి గుడ్డ తీసుకో, అంతే. దారిలో మాటలు కూర్చుకోకు, దిగి నా మెడ మీద చెయ్యి వెయ్యి, ఏ చప్పుడు వస్తే ఆ చప్పుడుతో అడుగు. సూర్యుడు ఇంకా పైనే ఉన్నాడు.

వాకిట్లో నిలబడి ఉన్న నీ అక్క,
ఎడ్లా

సంతకం పెట్టేశాను, ఇక చదవడానికేం లేదు. లే వల్‌ఫ్రిడ్, ఇవాళే, ఇప్పుడే. కారెక్కు.