ఒకే ఆసుపత్రికి రెండు పేర్లు

బావా,

ఆఫీసులో చెబితే నవ్వి ఊరుకుంటున్నావని ఉత్తరం రాస్తున్నాను. నిన్న మన సాఫ్ట్‌వేర్ నుంచి ఒక ఆసుపత్రి అంబులెన్సులకు పిలుపులు అందడం ఆగిపోయింది. సిస్టమ్ తన పనంతా నమోదు చేసే లాగ్‌లలో ‘హాస్పిటల్ ఐడీ’ అని వెతికితే మా జట్టు రికార్డులే వచ్చాయి; వాటిలో తప్పేమీ లేదు. మీ జట్టు దాన్నే ‘సెంటర్ కోడ్’ అని రాస్తోందని నాకేమైనా కలొచ్చిందా? తప్పంతా అక్కడుంది. అది దొరికేలోగా ఒక నిండు చూలాలు పక్కింటివాళ్ల కారులోనే ప్రసవించింది.

“ఇద్దరూ బాగానే ఉన్నారండీ. బండి ఎందుకు రాలేదో చెప్పండి, చాలు,” అని ఆమె భర్త ఫోన్లో అడిగాడు.

అన్ని జట్లూ ప్రామాణికమైన పేర్లే వాడాలని ఏడాదిగా మొత్తుకుంటున్నాను. “పేరేదైతేనేం మరదలా, పని జరుగుతోందిగా!” అంటావు. మీ ప్రోగ్రాములో ఆ పేరు నేనే మార్చి నీ ఆమోదానికి పంపాను. ఒప్పుకోనంటే సరే, ఆయనకు జవాబు నువ్వే చెప్పు.

నీ మరదలు