చెరువొడ్డు పొదలు

ఏమయ్యా, చిల్కూరు చెరువు కావలిదారూ,

నువ్వు ఖాకీ అంగీ తొడుక్కుని పట్నంలో తెలంగాణ ఊరేగింపు చూడబోయి, పోలీసు తూటా తగిలి పోయి నేటికి ఏడాది.

ఒడ్డున పొదలు నరికితే మన్ను నీళ్లలో కలుస్తుందని, సర్కారు రూలని, ఒక్క మోపు కట్టెలకు పెళ్లాన్నని కూడా చూడకుండా నన్ను నలుగురిలో కొట్టావు. ఆ పొదలన్నీ మొన్న నేనే నరికాను, నీ సంవత్సరీకం వంటకు. పచ్చికట్టెల పొగకు కళ్లు కారితే, నీకోసం ఏడుస్తున్నానని మా అత్త, మీ అవ్వ, మురిసింది.

నిన్నటి వానకు ఒడ్డు మన్నంతా చెరువులోకి దిగింది. ఇవాళ భోజనాల బంతిలో మీ తమ్ముడు చెంబు చూసి, "నీళ్లేంది వదినె, గింత ఎర్రగున్నయ్?" అన్నాడు.

"జర ఆగు, వడగట్టుకొస్త" అన్నాను.

నీ ఖాకీ అంగీతోనే వడగట్టి పోశాను. తూటా బొక్క ఉన్నచోట మడతేసి పట్టుకున్నాను.