వెల్లం అన్న మాట

ఆడి నెల 3, శుక్రవారం
పత్తి పది మూటలు తూచినాను. సభకు పోలేదు. ఇది మూడో వారం. రంగమ్మ ఒక్కతే పోయి వచ్చింది. కండ్లు ఎర్రగా, మొహం తేటగా. "కనకం మిమ్మల్నే అడిగింది," అన్నది. మా బిడ్డ కనకం చనిపోయి ఎనిమిది నెలలు. అన్నం కలుపుతూ ఉండిపోయినాను.

ఆడి 5
వెంకటసామి వచ్చినాడు. నాకంటే ముందే సభ విడిచినవాడు. వాళ్ళ చచ్చిపోయిన అవ్వను సభలో పిలిపిస్తే, చెన్నపట్నం అయ్యవారి నోటితో పురాణం చదివినట్టు మాట్లాడిందట. "బతికినన్నాళ్ళూ అరవం కలపకుండా ఒక్క మాట అనలేదు బావా. చచ్చినాక వ్యాకరణం నేర్చినాది."
నవ్వినాను. తర్వాత నవ్వు రాలేదు. నా కనకం కూడా సభలో "నాన్నగారూ, బెల్లం తెచ్చారా" అనే కదా అన్నది... ఇంట్లో దానికి నేను నైనా. బెల్లం దానికి ఎప్పుడూ వెల్లం. వీధిలో అరవపిల్లల దగ్గర పట్టుకున్న మాట. ఎంత దిద్దినా వినలేదు.
ఆ రోజే మాట మారిందేమని అడిగితే, "పైలోకంలో భాష శుద్ధి అవుతుంది," అన్నాడు అయ్యవారు. నమ్మినాను. నమ్మి రాసిచ్చినాను.

ఆడి 8
ఆ కాగితం. మా వీధిలో తెలుగు రాయడం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఎవరూ నేర్పకుండా నేనే నేర్చుకున్న అక్షరాలు. "నా కూతురు మాట్లాడింది, నా చెవులతో విన్నాను." కింద సంతకం. దాన్నే భాగవతారుకు చూపించినారు. ఆయన కొడుకును పోగొట్టుకున్న మనిషి. ఇప్పుడు ఆత్మలను పిలవడానికి ఎవరో దొరసాని సభకు ఇచ్చిన మూడుకాళ్ళ బల్ల దగ్గర ముందు వరుస ఆయనదే. ఆయన పాటకు మదురై అంతా కదులుతుంది. ఆయన కూర్చున్న చోటికీ కదులుతున్నది.

ఆడి 9
భాగవతారు ఇంటికి పోయినాను. తప్పు రాసినానని, నైనా, వెల్లం సంగతి చెప్పినాను. చాలాసేపు తంబుర తుడిచినాడు. "నీ కాగితం చదివే కదా నాయుడూ వచ్చినాను... రేపు అందరి ముందూ అడుగు. ఆ ఇంటిమాటలు రాకపోతే నేనూ లేచిపోతాను."
రంగమ్మకు చెప్పినాను. చెప్పకుండా దాన్ని అక్కడ కూర్చోబెట్టలేను. చిక్కుడుకాయలు తుంచుతూ ఉంది.

ఆడి 10, శుక్రవారం
మధ్యాహ్నం. తలుపులు మూసినారు. "నన్ను ఏమని పిలుస్తావు?" అని అడిగినాను.
"నైనా. వెల్లం తెచ్చినావా?" అయ్యవారి నోటితో.
భాగవతారు లేచి నాకు దండం పెట్టినాడు. మళ్ళీ కూర్చున్నాడు.
నా నోరు నా మాట వినలేదు. "తెచ్చినా తల్లీ," అన్నాను.

ఆడి 11
"అయ్యవారికి ఆ మాటలు నేనే చెప్పినాను. నిన్న పొద్దున పోయి." రంగమ్మ.
ఎందుకు?
"దాన్ని మీరు మళ్ళీ పంపించేస్తారని."
...
"ఆ అయ్యవారి నోరే. తెలుసు. మాట మాత్రం దానిదే కదా."

ఆడి 12
ఏమీ లేదు.

ఆడి 13
సభ నుంచి మనిషి. ఆడి పద్దెనిమిదిన, పదునెట్టు పండగనాడు, వైగై ఏటి ఒడ్డున జనం ముందు చదవడానికి కొత్త కాగితం కావాలంట. చదివేది భాగవతారు. అబద్ధం రాస్తే బిడ్డలు పోయిన ఇండ్లు ఇంకా ఎన్ని నమ్మి వస్తాయో... నిజం రాస్తే దోషిగా నిలబడేది రంగమ్మ.

ఆడి 16
కాగితం ముందు పెట్టుకున్నాను. "నా కూతురు" అని రాసినాను. పొద్దంతా అక్కడే. రంగమ్మ పండగకు వెల్లం కొట్టడం ఆపి వచ్చి కూర్చున్నది. దానికి చదవడం రాదు. "వినిపించండి," అన్నది.
నా కూతురు, అని చదివినాను.
"తర్వాత?" అన్నది.