వేలూరుకు పోయి సూది వేయించుకో

మామా,

చింతపండు పులుసు పొయ్యి మీద ఉంది, తినే బయల్దేరు. రాత్రి నువ్వు తినకుండా పడుకుంటే నాకూ ముద్ద దిగలేదు. వేలూరు ఆసుపత్రిలో సూది ఈరోజే వేయించుకో, రేపటికి నెట్టకు. రక్తపరీక్ష కాగితం టీవీ పక్కన ఉంది.

సిఫిలిస్ అన్న పేరుకు నువ్వు కూలబడిపోయావు గానీ, అది మందుతో నయమయ్యే జబ్బే. మన పెళ్ళికి ముందెప్పుడో పట్టుకుని ఉంటుందని డాక్టరమ్మే అంది. నాకు కోపం లేదు. సూదులు పూర్తయి, ఆమె సరేననే దాకా దూరంగా ఉందాం. తర్వాత కూడా నిరోధ్ మానొద్దు. డబ్బా బీరువాలో నా చీరల కింద పెట్టాను. నువ్వు మళ్ళీ ఎండ పడే కిటికీలో పెట్టావంటే పాడైపోతాయి.

మన పెళ్ళైన కొత్తలో నిరోధ్ కావాలని అడగడానికి భయపడ్డాను. అడిగినందుకు నా మొదటి మొగుడు చెయ్యెత్తాడు. నువ్వేమో, "దానికేముండాది విజీ, నేనే తెస్తా" అన్నావు. అందుకే నా పరీక్షలో ఏమీ రాలేదు. మూడు నెలలకు నన్ను ఇంకోసారి రమ్మన్నారు, నువ్వూ తోడు రావాలి.

నా వెంట నీ ఇంటికొచ్చిన మన పిల్ల కవిప్రియకు తమిళం తప్ప చదవడం రాదని ధైర్యంగా తెలుగులో రాశాను. అయినా చదివాక చించెయ్.

విజి

ఇంకో మాట. నిన్న వాకిట్లో నిలబడి, "నువ్వు మీ అమ్మోళ్ళింటికి పోతావా?" అని అడిగావు. నేను పోతున్నది ఆంబూరు చెప్పుల కంపెనీకి. సాయంత్రం బస్సుకు ఇంటికే వస్తాను.