పదింబావుకే తీసుకొచ్చాడు

కాన్పుల గదిలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరైన నేను, వయసు డెబ్బై రెండు, మోకాళ్లు తప్ప తక్కినవన్నీ సవ్యంగా ఉండగా, స్థిమితమైన మతితో, ఎవరి బలవంతమూ లేకుండా రాసుకుంటున్న వీలునామా ఇది. నా మతి మీద అనుమానం ఉన్నవాళ్లు నా కొడుకుని అడగండి. పోయినేడు వాడు పట్టుకెళ్లిన నిచ్చెన గురించి వారానికోసారి గుర్తుచేస్తూనే ఉన్నాను. దీన్ని అమలు చేసే బాధ్యత మా తమ్ముడిది.

1. నా స్వార్జితమైన రెండు గదుల ఇల్లు, వెనక రేకుల వంటిల్లుతో సహా, నా కొడుక్కీ కోడలికీ చెరిసగం, సర్వహక్కులతో. వాడికి కోపమొస్తే రానీ. నేను మంచానపడ్డ మూడు నెలలూ నా పక్కబట్టలు ఉతికింది ఆ పిల్లే.

2. సెకన్ల ముల్లున్న నా చేతిగడియారం మనవరాలికి. కీ మరీ గట్టిగా తిప్పకు తల్లీ.

3. పెద్దక్షరాల బైబిలు మా చెల్లెలికి. నిర్గమకాండం మొదటి అధ్యాయం దగ్గర కాగితం నలిగి ఉంటుంది. మగబిడ్డల్ని పుట్టగానే చంపెయ్యమని రాజు ఆజ్ఞాపిస్తే, చంపకుండా బతకనిచ్చిన మంత్రసాని షిఫ్రా అక్కడుంది, తోటిది పూయాతో సహా. ఆ రాజు పేరు అందులో లేదు, వీళ్ల పేర్లున్నాయి. నేను ఈ పనిలో చేరిన రోజు నుంచి షిఫ్రానే చూసి నడుచుకున్నాను. మా చెల్లెలేమో ఇంటికొచ్చినవాళ్లతో అక్క ఆస్పత్రిలో ఆఫీసరని చెప్పేది. మంత్రసాని అనడానికి నామోషీ! ఇప్పుడు కళ్లద్దాలు పెట్టుకుని ఆ మాట చదువుకోమనండి.

4. మా ఆస్పత్రి పెద్ద డాక్టరుగారికి ఏమీ ఇవ్వడం లేదు. ఆ సంగతి రాయడానికే ఈ అంశం. ఇరవై మూడేళ్ల కిందట ఒక వడ్రంగి నొప్పులు పడుతున్న భార్యను పొద్దున పదింబావుకు తీసుకొచ్చాడు. చేతులు కడుక్కోకముందే చిత్తు పుస్తకంలో టైము రాసుకోవడం నా అలవాటు. బిడ్డ అడ్డంగా ఉంది, ఆపరేషను చెయ్యాలని డాక్టరుగారికి మూడుసార్లు కబురు పెట్టాను. ఆయన భోంచేసి, కునుకు తీసి, మూడింటికి వచ్చారు. బిడ్డ దక్కింది, తల్లి దక్కలేదు. రెండున్నరకు తీసుకొచ్చారని రిజిస్టరులో రాయించి నన్ను సంతకం పెట్టమన్నారు. పెట్టనన్నాను. “మీ షిఫ్రా కూడా రాజుగారికి అబద్ధం చెప్పిందిగా సిస్టరూ” అని నవ్వారు. చెప్పింది! మంత్రసాని వెళ్లేలోపే కాన్పులైపోతున్నాయని, పసివాళ్లను బతికించడానికి చెప్పింది. డాక్టరుగారి కునుకును కాపాడ్డానికా?

5. ఆ చిత్తు పుస్తకం నా తదనంతరం ఆ రోజు పుట్టిన పిల్లకు చెందాలి. అమ్మమ్మ దగ్గర పెరిగింది, నా దగ్గర పాఠాలు చెప్పించుకుని నర్సయింది, నన్ను అత్తా అంటుంది. రిజిస్టరులోని ఆ రెండున్నరనే నమ్మి, “ఆలస్యం చేసి మా అమ్మని చంపింది మా నాన్నే అత్తా” అని నా వంటింట్లోనే ఎన్నోసార్లు అంది. ఆ తండ్రితో ఈనాటివరకు మాట్లాడలేదు. అన్నప్పుడల్లా నేను టీ గ్లాసులు కడుగుతూ నిలబడ్డాను. మొదట ఉద్యోగం పోతుందని భయం. తర్వాత ఈ పిల్ల నా మొహం చూడదేమోనని. సంతకం పెట్టలేదన్న గొప్ప ఒక్కటి చెప్పుకుంటూ బతికాను.

ఇంతవరకు రాసి చదువుకుంటే ఒళ్లు మండిపోతోంది, డాక్టరు మీద కాదు. నేను పోయాక ఇవ్వండని రాయడం ఏం ధైర్యం? షిఫ్రా రాజు ఎదుట నిలబడి జవాబు చెప్పింది, చచ్చాక కాగితం పంపలేదు. ఆ వడ్రంగికి చూపు మందగించింది, మెట్లెక్కితే ఆయాసం. నాకన్నా ముందు ఆయన పోతే ఈ పుస్తకం ఎవరికి?

కాబట్టి అయిదో అంశం కొట్టేస్తున్నాను. మొదటి నాలుగూ మా తమ్ముడు నా మరణానంతరం అమలు చేస్తాడు. అయిదోది నేనే చేస్తాను. సాక్షుల సంతకాలు కాగానే పుస్తకం పట్టుకుని ఆ పిల్ల డ్యూటీలో ఉన్న వార్డుకు వెళ్తున్నాను. నా మొహం మీద తలుపేసినా సరే.

పన్నెండో తేదీ, సోమవారం, ఉదయం.

చేవ్రాలు: కాన్పుల గది పెద్ద నర్సమ్మ

సాక్షులు:
1. ఎదురింటి లెక్కల మాస్టారు
2. ఆటో డ్రైవరు (బయట ఇంజను ఆపకుండా వచ్చి సంతకం చేశాడు)