ఓని వేషానికి మనిషి

9 జనవరి 2024

హలో ఫ్రెండూ, బాగున్నావా? ఏమీ అనుకోకు, క్రిస్మస్ హడావుడిలో పడి మళ్లీ ఇప్పటికి నోట్స్ తెరిచాను. నువ్వెవరో నాకూ తెలీదనుకో. ఎదురుగా ఒక మనిషి ఉన్నట్టు అనుకుంటే టైపింగ్ గబగబా సాగుతుంది, అంతే.

మంచి కబురు. దుబాయ్ కరామాలో షాపు పెట్టాక ఇంత పెద్ద కస్టమర్ తగలడం ఇదే మొదలు. కనా సాన్, అంటే కనా గారు. ఇక్కడి జపాన్ అమ్మల గ్రూపులో పండగలన్నీ ఆవిడ చేతి మీదే నడుస్తాయి. బెలూన్లు, బ్యానర్లు, అద్దె కాస్ట్యూములు అన్నీ ఒక్కచోటే దొరుకుతాయని ఎవరో చెప్పారట. నర్సాపురం పిల్లనని, ఒకప్పుడు నర్సునని చెప్తే చేతులు పట్టుకుని మాట్లాడింది.

నేను ఊరుకుంటానా? మాటలు నేర్చుకోవడం మొదలెట్టాను. పండగ పేరు కస్టమర్ నోట్లో పలికినట్టు మనం పలికితే ఆర్డర్ వేరే షాపుకి పోదు. మత్సురి అంటే జాతర. గిషికి అంటే పద్ధతిగా కూర్చుని చేసే తంతు. సోషికి అంటే చావు తంతు, ఆ మాట మాత్రం పార్టీ షాపులో అనొద్దని కనా సాన్ నవ్వింది.

ఫస్ట్ ఆర్డర్ సెత్సుబున్. చలికాలం పోయే రోజు. ఓని అంటే దెయ్యం. పిల్లలు వేయించిన సోయా గింజలతో దాన్ని కొట్టి తరుముతారు. "ఓని వా సొతో, ఫుకు వా ఉచి." దెయ్యం బయటికి, అదృష్టం లోపలికి. జపాన్‌లో అయితే ఇంట్లో నాన్నే ఓని వేషం వేస్తాడట. ఇక్కడి నాన్నలకి తీరిక లేదట. ఒక మనిషిని చూడమంది.

మనిషి నా స్టోర్‌లోనే పడుకుంటున్నాడు. రాజలింగం.

20 జనవరి 2024

రాజలింగం సంగతి చెప్పలేదు కదూ. జగిత్యాల దగ్గర పల్లెటూరు. ముందు కల్బాలో బిల్డింగ్ పని. కరోనాలో కంపెనీ మూతపడింది, వీసా చచ్చింది. అప్పట్నుంచీ కల్లివల్లి. అంటే కాగితాల్లేని మనిషి. పోలీసు కనిపిస్తే సందు మారిపోతాడు. నాకు సామాన్లు మోస్తాడు, బొమ్మలకి ఊడిన చేతులు అతికిస్తాడు. పడుకోడానికి చోటిచ్చాను, అన్నం పెడుతున్నాను. నన్ను అక్కా అంటాడు.

వేషం చూపించాను. ఎర్ర టైట్స్, పులిచారల నిక్కరు, ఉంగరాల జుట్టు, కొమ్ములున్న మాస్క్. చూసి ఒకటే నవ్వు. "అక్కా, మొకం కానరాదు గద? ఇంకేంది, నాకు గిదే మంచిగున్నది" అన్నాడు.

3 ఫిబ్రవరి 2024, సాయంత్రం

సూపర్ హిట్! విల్లా కాంపౌండ్ మొత్తం పిల్లలే. రాజలింగం గంతులేస్తూ వస్తే సగం మంది ఏడుపు. ఆ తర్వాత చూడు, గుప్పిళ్లతో కొట్టారు. ఓ పెద్ద పిల్లాడు మాస్క్ కన్నాల్లోకి గురి చూసి మరీ కొట్టాడు.

కనా సాన్ రూల్స్ రెండు. ఓని మొహం ఏ పిల్లా చూడకూడదు. గేటు దాటి బయటికి పోయిన ఓని మళ్లీ లోపలికి రాకూడదు, వస్తే ఏడాదంతా చెడు. రాజలింగం రెండూ తు.చ. తప్పకుండా చేశాడు. ఎండలో గోడ పక్కన మాస్క్ తియ్యకుండా కూర్చున్నాడు. ఖాసిం వ్యాన్ తెచ్చేదాకా అలాగే. ఖాసిం మన డ్రైవర్, నిజామాబాద్ అతను.

మెడంతా ఎర్రటి చుక్కలు. కన్ను ఒకటి వాచింది. నేనే డ్రాప్స్ వేశాను. "దెబ్బ తాకలేదక్కా, పోరలు మస్తు కుష్ అయిన్రు" అన్నాడు.

3 మార్చి 2024

హినమత్సురి. ఆడపిల్లల బొమ్మల పండగ. గులాబీ రంగు కాగితం పూలు మొత్తం సేల్.

7 జులై 2024

తనబాతా. రంగు కాగితం మీద కోరిక రాసి వెదురుకి కడతారు. ఈవెంట్ అయ్యాక వెదురు షాపుకి తెచ్చాం. తనకీ ఒకటి రాసిపెట్టమన్నాడు రాజలింగం. ఏం రాయమంటావంటే చాలాసేపు సిగ్గుపడ్డాడు. బిడ్డను ముట్టుకోవాలట. సుభాషిణి పుట్టక ముందే వచ్చేశాడు ఇక్కడికి. ఫోన్లో తప్ప చూడలేదు. రాసి కట్టాను. పొద్దున్నే వెదురు వేరే ఆర్డర్‌కి కావాల్సి వచ్చి కాగితాలన్నీ తీసేశాను.

1 సెప్టెంబర్ 2024

ఆమ్నెస్టీ మొదలైంది. వాళ్ల ఆఫీసుకెళ్లి కాగితం తీసుకుంటే కల్లివల్లి వాళ్లు ఫైన్ లేకుండా, బ్యాన్ పడకుండా ఇంటికి వెళ్లిపోవచ్చు. ఖాసిం పొద్దున్నే వచ్చి చెప్పాడు. రాజలింగం నా కాళ్ల దగ్గర కూర్చుని, "అక్కా, నన్ను ఆడికి తోల్కపోతవా? నాకు ఇంగ్లీష్ రాదాయె, అరబ్బీ రాదాయె. ఒక్కణ్ణి పోతే పట్టుకుంటరని బుగులైతది" అన్నాడు.

తప్పకుండా తీసుకెళ్తానన్నాను. రెండు నెలలుంది కదా, ఈ వారం కాదు అన్నాను.

నీతో దాపరికం ఎందుకు? ఇప్పుడు పంపేస్తే ఫిబ్రవరికి ఓని ఎవరు? కనా సాన్ అతన్నే అడుగుతోంది. పిల్లలు ఇంకా అతని నడక నడుస్తున్నారట.

1 నవంబర్ 2024

ఆమ్నెస్టీ పొడిగించారు! డిసెంబర్ ఆఖరు దాకా. నేను చెప్పలా? రాజలింగం మొహం వేలాడేసుకుని తిరుగుతుంటే చూశావా అన్నాను. నువ్వు చెప్తే అయినట్టే అక్కా అన్నాడు.

16 నవంబర్ 2024

షిచి-గో-సాన్. అంటే ఏడు-ఐదు-మూడు. ఆ వయసు పిల్లలకి కొత్త బట్టలు కట్టి దీవిస్తారు. ఆడపిల్లకి మూడేళ్లప్పుడు ఒకసారి, ఏడేళ్లప్పుడు ఒకసారి. అద్దె కిమోనోలు ఇస్త్రీ చేస్తూ రాజలింగం, తన బిడ్డకీ ఏడేళ్లే అన్నాడు. ఎర్ర కిమోనో ఒకటి ఫోటో తీసి ఇంటికి పంపాడు. భార్య గౌరవ్వ తిట్టిందట, బట్టలు కాదు, నువ్వు రా అని.

12 డిసెంబర్ 2024

ఖాసిం షాపులో నిలబడి గట్టిగా అన్నాడు. "అక్కా, తారీఖు దాటితే ఖలాస్. ఇయ్యాల్నే తోల్కపో. లేదంటే నేను తోల్కపోత."

క్రిస్మస్ ఆర్డర్లు నీ బాబొచ్చి చూస్తాడా అన్నాను. నవ్వుతూనే అన్నాను. పైగా నువ్వు తోలే వ్యాన్ నాది, గుర్తుంచుకో అన్నాను. పండగ కాగానే నేనే తీసుకెళ్తానని రాజలింగం ముందే మాటిచ్చాను. అతను ఖాసింకి సర్దిచెప్పాడు. "అక్క మాట తప్పది భాయ్" అని.

29 డిసెంబర్ 2024

క్యూ రోడ్డు దాకా ఉందట. అంత రష్‌లో ఎవరు నిలబడతారు? మళ్లీ పొడిగిస్తారులే అని చెప్పాను. మొన్న పొడిగించలేదా? నాకూ నిజంగా అలాగే అనిపించింది. సగం.

31 డిసెంబర్ 2024

ఓమిసోకా. ఏడాది ఆఖరి రోజు. ఇల్లంతా దులుపుకుంటారట.

పొడిగించలేదు.

4 జనవరి 2025

రాజలింగం రెండు రోజులు సరిగ్గా తినలేదు. కోడికూర వండి పెట్టాను. ఏదో దారి ఉంటుంది, సెత్సుబున్ అయ్యాక లాయర్ని కనుక్కుందాం అన్నాను. కళ్లు తుడుచుకుని, "సరే అక్కా. ఈసారి సొతో అంటే ఇంకింత గట్టిగ ఉరుకుత" అన్నాడు. మంచి మనిషి. అలాంటి వాళ్లతో పని తేలిక.

2 ఫిబ్రవరి 2025, సాయంత్రం ఆరు

ఈసారి సెత్సుబున్ రెండో తారీఖున వచ్చింది. గబగబా కొడుతున్నాను, తప్పులు పడితే ఏమనుకోకు.

అంతా బాగానే మొదలైంది. రాజలింగం పోయినేడాది కంటే బాగా చేశాడు. గర్జించాడు, కిందపడి దొర్లాడు. పిల్లలు గింజలు విసురుతూ తరిమారు. గేటు దాటి పరిగెత్తాడు. గేటు మూశారు. చప్పట్లు. అతని చొక్కా, ఫోను నా బ్యాగులో ఉన్నాయి. ఖాసిం వ్యాన్ పార్కింగ్ దొరక్క వెనక రోడ్డు మీద ఉంది.

పక్క కాంపౌండ్ వాళ్లెవరో ఫోన్ చేశారట, మాస్క్ వేసుకున్న మనిషి గోడ పక్కన నక్కి ఉన్నాడని. పోలీసు కారు వచ్చి ఆగింది.

రాజలింగం గేటు దగ్గరికి వచ్చేశాడు. ఊచలు పట్టుకున్నాడు. "అక్కా, గేటు తియ్యుమను. అక్కా, నేనే."

పిల్లలకి అర్థం కాలేదు. ఓని మళ్లీ లోపలికి వస్తోందనుకున్నారు. ఉరికారు గేటు దగ్గరికి. ఊచల సందుల్లోంచి గుప్పిళ్లతో కొట్టారు. ఓని వా సొతో! ఓని వా సొతో! కనా సాన్ వీడియో తీస్తూ కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వుతోంది. జపాన్‌లో కూడా ఇంత బాగా బతిమాలే ఓనిని చూడలేదంది.

వాచ్‌మన్ నా దగ్గరికి వచ్చాడు. హిందీలో అడిగాడు, మేడమ్, ఆయన మీ మనిషినని అంటున్నాడు, పోలీసులు ఐడీ అడుగుతున్నారు, మీరొకసారి రండి అని.

కాగితాల్లేని మనిషిని పనిలో పెట్టుకుంటే ఏమవుతుందో నాకు తెలుసు. షాపు పోతుంది. నేనూ పోతాను.

మా మనిషి ఇందాకే వెళ్లిపోయాడు అన్నాను. ఇతనెవరో నాకు తెలీదు అన్నాను.

కాస్త గట్టిగానే అన్నాను. గేటు దూరం కాదు.

ఊచల మీంచి చేతులు తీసేశాడు. పోలీసు మాస్క్ తియ్యమని సైగ చేశాడు. రాజలింగం పిల్లల వైపు చూపించి చెయ్యి అడ్డంగా ఊపాడు. పోలీసు మళ్లీ అడిగాడు. అప్పుడు మా వైపు పూర్తిగా వీపు పెట్టి నిలబడి, తీశాడు. ఒక్క పిల్ల కూడా మొహం చూడలేదు.

కారు వెళ్లిపోయాక నేను గింజలు ఊడ్చాను.

అదే రోజు, ఏడున్నర

బ్యాగులో అతని ఫోన్ మోగింది. ఆపబోయి ఎత్తేశాను. వీడియో కాల్. రెండు జడల పిల్ల, గుప్పిట్లో శనగలు. నా మొహం సరిగ్గా చూడకుండానే "ఓని వా సొతో!" అని స్క్రీన్ మీదకి విసిరేసింది. నేర్పాడన్నమాట. తర్వాత చూసి ఆగిపోయింది. "అమ్మా, నాయిన గాదే" అంది.

గౌరవ్వ వచ్చింది. ఎవలమ్మా నువ్వు, ఆయనేడి అంది. పని మీద వెళ్లాడు, ఫోన్ ఇక్కడ మర్చిపోయాడు, బాగానే ఉన్నాడన్నాను. "అన్నం తిన్నడా?" అంది. తిన్నాడన్నాను.

ఫోన్ ఆఫ్ చేశాను.

5 ఫిబ్రవరి 2025

షాపు షట్టర్ సగమే ఎత్తుతున్నాను. ఎవరొచ్చినా ముందు వాళ్ల బూట్లు చూస్తున్నాను. స్టోర్‌లో పరుపు తీసేశాను.

9 ఫిబ్రవరి 2025

ఎవరూ రాలేదు.

ఖాసిం కనుక్కుని వచ్చాడు. రాజలింగం లోపలున్నాడు. ఎక్కడ పని చేస్తున్నావు, ఎవరు పెట్టుకున్నారు అని ఎంత అడిగినా నా పేరు చెప్పలేదట. వేషం చెత్తకుండీలో దొరికింది, పిల్లల్ని నవ్విద్దామని వేసుకున్నానని అన్నాడట.

ప్రభువా నీకు స్తోత్రం. ఎంత హాయిగా ఉందో.

ఇంకో సంగతి. టికెట్ పెట్టి, అతని కోసం ఒక మనిషి వెళ్లి మాట్లాడితే తొందరగా పంపిస్తారట. నువ్వు పోతవా అక్కా అన్నాడు ఖాసిం. ఎలా వెళ్తాను? వెళ్తే నా మనిషని ఒప్పుకున్నట్టు కాదా? మరి నువ్వెళ్లు అన్నాను. నేను పోత, నీ అసుంటోణ్ణి కాదు అన్నాడు. వ్యాన్ తాళాలు టేబుల్ మీద పెట్టాడు. గుమ్మం దగ్గర ఆగి, "ఆడు పిల్లల దిక్కు వీపు జేసిండు. జూసినవా?" అన్నాడు.

చూశాను. ఎందుకు చూడలేదు?

చొక్కా ఉతికి ఇస్త్రీ చేయించాను. ఖాసిం చేతికి ఇద్దామంటే ఫోన్ ఎత్తడం లేదు.

22 ఫిబ్రవరి 2025

గేటు దగ్గరి వీడియో అమ్మల గ్రూపులో తెగ తిరుగుతోందట. కొత్తగా ఆరు ఫ్యామిలీలు. కనా సాన్ ఓనికి థాంక్స్ కార్డు పంపింది. పిల్లలు బొమ్మలు గీశారు, ఎర్రటి వాడు, కొమ్ములు, గేటు ఊచలు. షాపు గోడకి అంటించాను. కస్టమర్లు ఆగి చూస్తున్నారు.

18 ఏప్రిల్ 2025

గుడ్ ఫ్రైడే. చర్చి హాల్లో ఖాళీ లేదు, ప్రసంగం నిలబడే విన్నాను.

బయట బర్ దుబాయ్ బస్సు దగ్గర ఖాసిం ఎదురయ్యాడు. మొహం తిప్పుకున్నాడు. నేనే పలకరించాను. రాజలింగం మీద పారిపోయాడని పాత కంపెనీ అప్పట్లో వేసిన కేసు ఒకటి బయటపడిందట, అది తేలే దాకా కదలడట. డిసెంబర్‌లో వెళ్లుంటే అదీ మాఫీ అయ్యేదేమో అన్నాడు. మాస్క్ లోపల పగిలిన గింజ తగిలి ఎడమ కన్ను మసకబారిందట.

డ్రాప్స్ పేరు ఒకటి చెప్పాను. ఖాసిం వినకుండానే బస్సెక్కాడు.

15 ఆగస్టు 2025

ఓబోన్. పోయినవాళ్లు ఇంటికొచ్చి వెళ్తారట. వచ్చేటప్పుడు వెలిగించే మంటకి ఒక పేరు, పంపించేటప్పుడు వెలిగించే మంటకి ఇంకో పేరు. రెండోది ఓకురిబి. లాంతర్లు నూట యాభై పోయాయి.

11 జనవరి 2026

కనా సాన్ అడిగింది, ఓని రెడీయా అని. రెడీ అన్నాను. ఎవరో భూమేశ్ అట, కామారెడ్డి కుర్రాడు, పని పోయి రూమ్‌లో ఖాళీగా ఉన్నాడట. వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాను. ఎత్తెంత, నడుమెంత అని. కాగితాలున్నాయా అని అడగలేదు. ముందు చేసినాయన ఏమయ్యాడు మేడమ్ అని అడిగాడు. ఇంటికెళ్లిపోయాడు బాబూ అని పెట్టాను. మొకం కనపడదు గదా అన్నాడు. కనపడదమ్మా, అక్కా అని పిలువు, మేడమ్ ఎందుకు అన్నాను. సరే అక్కా అన్నాడు.

మరి ఎప్పుడు కలుద్దాం బాబూ?